కాంపొనెంట్ రూమ్ డైరీ

గుంటూరు, 2025

జనవరి 27, సోమవారం

పూణెలో గిలియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) కేసులు వంద దాటాయని పొద్దున టీవీలో చెప్పారు. నీళ్లలో తేడా అంటున్నారు. కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్ తగ్గిపోయి మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. ఓ వారం, రెండు వారాలకు ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే పడుతుంది. అరికాళ్లలో తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటరే దిక్కు.

యాంకరమ్మ మాటిమాటికీ "ఖరీదైన ఇంజెక్షన్" అంటోంది. అదెందుకు ఖరీదో, ఎక్కణ్నుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. అది ఇమ్యునోగ్లోబులిన్. తోటి మనుషుల ప్లాస్మాలోంచి తీయాల్సిందే. ఒక బ్యాచి చేయాలంటే కనీసం వెయ్యిమంది దాతల ప్లాస్మా కలవాలి. ఒకరికి చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గి ఉంటుంది, ఒకరికి కామెర్ల టీకా పడి ఉంటుంది, ఇంకొకరికి గవదబిళ్లలు వచ్చి పోయుంటాయి. ఇన్ని ఒళ్లు నేర్చుకున్నదంతా ఆ సీసాలోకి దిగాలి. కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 120 గ్రాములు కావాలి. 5 గ్రాముల సీసాలైతే 24. మామూలుగా ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. బిల్లు లక్షల్లోకి పోతుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం, రాత్రి

తెనాలి వైపు ఊళ్లో రక్తదాన క్యాంపు. బ్యాగులు మా బ్లడ్ బ్యాంకుకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఇక ఇంటికి పోయే మాటే లేదు. రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు ప్లాస్మా వేరై గడ్డకట్టాలి. లేకపోతే అందులో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో ఫ్యాక్టర్ పోతుంది.

సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు గిన్నెల బరువు సరిగ్గా తూగాలి. తేడా వస్తే రబ్బరు ముక్కలు వేసి సరిచేస్తాం. తిరిగి ఆగాక బ్యాగు తీసి చూస్తే అడుగున చిక్కటి ఎరుపు, పైన పసుపు, మధ్యలో సన్నటి తెల్లగీత. ఆ గీత చెదరకుండా బ్యాగుని ప్రెస్‌లో నిలబెట్టి పిడి వదిలితే పలక నెమ్మదిగా ఒత్తుతుంది, పసుపు గొట్టంలోంచి పక్క బ్యాగులోకి ఎక్కుతుంది. ఎరుపు మెడ దాకా వచ్చేలోపు క్లాంపు పడాలి. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నేను ఎవరితోనూ మాట్లాడను.

ఇన్ని పసుపులు ఉంటాయని ఈ గదిలోకి వచ్చేదాకా నాకు తెలియదు. ఒకటి నిమ్మపండు రంగు, ఒకటి ఎండుగడ్డి రంగు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లది కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. ఇవాళ ఒక బ్యాగు తెల్లగా, పలచటి మజ్జిగలా వచ్చింది. ఆ అబ్బాయి మిరపకాయ బజ్జీలు తిని నేరుగా వచ్చి పడుకున్నట్టున్నాడు. ఎర్రకణాలకు పర్వాలేదు కానీ ఆ ప్లాస్మా పక్కన పెట్టేశాం. ఒక బ్యాగులో దొరికేదే 150 నుంచి 200 మిల్లీలీటర్లు. తేలిగ్గా ఇడ్లీ తిని రమ్మని రేపటి నుంచి మైకులో ముందురోజే చెప్పించాలి.

ఫిబ్రవరి 5, బుధవారం

ఫ్రీజర్ మైనస్ 34. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. ఈ చలిలో బ్యాగు పెళుసవుతుంది, చేయి జారితే చిట్లుతుంది. జాగ్రత్తగా ఉంటే ఏడాది ఆగుతుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పూణె ఎక్కడో ఉందనుకున్నాం. మన ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనూ జీబీఎస్ కేసులు. జనం భయపడుతున్నారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని మా వీధిలోనే నలుగురికి చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం పల్నాడు నుంచి వచ్చిన ఒకాయన కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడట. "అమ్మా, ఇంజెక్షన్ కొనలేమని చెప్తే మిషను మీద ప్లాస్మా మారుస్తామన్నారు. అంటే ఒంట్లో రక్తమంతా తీసేస్తారా?" అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను. రక్తం మిషనులోకి వెళ్తుంది, కణాలు తిరిగి ఒంట్లోకే వస్తాయి. నరాలను దెబ్బతీస్తున్న యాంటీబాడీలు ప్లాస్మాలో ఉంటాయి కాబట్టి దాన్ని మాత్రం తీసేసి, బదులు ఆల్బుమిన్‌గానీ దాతల ప్లాస్మాగానీ పోస్తారు. రోజు విడిచి రోజు కొన్ని విడతలు చేస్తారు. రెండు వైద్యాలూ ఇంచుమించు ఒకే ఫలితమిస్తాయి. ఎటు తిరిగినా కావాల్సింది ముక్కూ మొహం తెలియని మనుషుల ప్లాస్మానే.

"ఎవురిస్తారమ్మా?" అన్నాడు. ఇచ్చేశారు, ఫ్రీజర్‌లో ఉంది అన్నాను. ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఆపద వచ్చాక ఫోన్లు చేసి బతిమాలి మనుషుల్ని తెచ్చుకోవడమే ఆయనకు తెలిసిన పద్ధతి. మా దగ్గరికొచ్చే చాలామందికి అంతే. నాకు కష్టం కలిగించేది అదే. ప్లాస్మా అవసరం ఏడాది పొడవునా ఉంటుంది, ఇచ్చేవాళ్లు మాత్రం ఎవరో ఒకరు ఏడ్చిన రోజున వస్తారు.

మార్చి 4, మంగళవారం

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ పోయారని పేపర్లో చదివాను. ఫిబ్రవరి 17న, నిద్రలోనేనట. 88 ఏళ్లు. పద్నాలుగో ఏట ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగింది. ఊరూ పేరూ తెలియనివాళ్ల రక్తంతో బతికాడు. పద్దెనిమిది నిండగానే తానూ ఇస్తానని మాటిచ్చి 1954లో మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు ఆయన ప్లాస్మాలో యాంటీ-డి అనే అరుదైన యాంటీబాడీ దండిగా ఉందని తేలింది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు తల్లి రక్తం తర్వాతి కాన్పుల్లో బిడ్డ రక్తాన్ని విరిచేయకుండా ఆపేది అదే. 81 ఏళ్లు వచ్చి వయసు నియమం ఆపేదాకా, 2018 వరకూ ఇస్తూనే ఉన్నాడు. మొత్తం 1173 సార్లు. ఆ ప్లాస్మాతో చేసిన మందు 24 లక్షల మంది బిడ్డలకు రక్షణ ఇచ్చిందని అక్కడి రక్తసేవా సంస్థ లెక్క. సొంత కూతురికీ ఆ ఇంజెక్షనే పడింది. సూది గుచ్చేటప్పుడు ఒక్కసారి కూడా చేతి వైపు చూడలేదట.

ఇక్కడ నెగెటివ్ గ్రూపు తల్లికి ఏడో నెలలో ఒకసారి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లో మళ్లీ ఆ ఇంజెక్షన్ వేస్తారు. ఆ చిన్న సీసా చేతిలో పట్టుకున్న అల్లుడుగారికి అది ఒక మనిషి ఇచ్చిందని ఎవరు చెప్తారు? మందుల షాపులో కొన్న మందు, అంతే.

మార్చి 19, బుధవారం

ఒక పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు. "ఏమనుకోకమ్మా, ఇచ్చినాయన ఏ కులం?" కోడలికి రెండు బ్యాగుల ప్లాస్మా కావాలి. కాలేయం దెబ్బతిని రక్తం గడ్డకట్టడం మానేసింది, చిగుళ్ల నుంచి కారుతూనే ఉంది. ఆ స్థితిలో కూడా.

నేను జవాబివ్వలేదు. గ్రూపు చూసి బ్యాగు చేతికిచ్చి, కరగబెట్టాక ఆలస్యం చేయకుండా ఎక్కించాలని చెప్పి పంపాను. ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు. చార్లెస్ డ్రూ గుర్తొచ్చాడు. 1940లో బాంబుల కింద ఉన్న బ్రిటన్‌కి అమెరికా నుంచి ప్లాస్మా పంపే పనంతా నడిపించిన నల్లజాతి డాక్టర్. ప్లాస్మాని నిల్వ చేసి దూరాలకు పంపొచ్చని పెద్ద ఎత్తున చూపించినవాడు. అదే దేశంలో కొన్నాళ్లకే నల్లవాళ్ల రక్తం ముందు వద్దన్నారు, తర్వాత తీసుకున్నా విడిగా పెట్టారు. దానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదని ఆయన బాహాటంగా చెప్పాడు.

ఆ పెద్దాయనకి ఆల్బుమిన్ అవసరమై ఉంటే ఏం అడిగేవాడు? అది వేలమంది ప్లాస్మా ఒకే తొట్టిలో కలిపితే వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ ఆ దారి కనిపెట్టాడు. చల్లటి ఆల్కహాల్‌తో ప్లాస్మాలోని ప్రోటీన్లను ఒక్కొక్కటిగా పేరబెట్టి తీయడం. ఇవాళ కాలిన గాయాల వార్డుల్లో, పొట్టలోంచి లీటర్లకొద్దీ నీరు తీశాక కాలేయ రోగులకు ఎక్కించే సీసా అదే. పొట్టలోంచి ఐదు లీటర్లు దాటి తీస్తే, తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇస్తారు. దానిమీద ఎవరి ఇంటిపేరూ ఉండదు.

ఏప్రిల్ 17, గురువారం

హీమోఫీలియా దినం. పొద్దున్నే ఒక తల్లి పిల్లాణ్ని తీసుకుని వచ్చింది. వాడు ఆరో తరగతి. ఎడమ మోకాలు మళ్లీ వాచింది. దెబ్బ ఏమీ తగల్లేదు, బడి మెట్లు ఎక్కి దిగాడంతే. వాడు కుర్చీలో కూర్చుని కాలు చాచి, ఐస్ గుడ్డ తనే సర్దుకుంటున్నాడు. ఏ కోణంలో పెడితే నొప్పి తక్కువో వాడికి మా అందరికంటే బాగా తెలుసు.

రక్తం సరిగ్గా గడ్డకట్టని ఈ జబ్బులో కీలు లోపల రక్తం కారుతుంది. పైకి కనపడదు. ఎన్నోసార్లు అలా కారితే కీలు అరిగిపోయి చిన్న వయసులోనే కాలు బిగుసుకుపోతుంది. ఐదువేల మంది మగబిడ్డల్లో ఒకరికి ఎనిమిదో ఫ్యాక్టర్ లోపం ఉంటుంది. తల్లి నుంచి వస్తుంది, కానీ తల్లి తప్పు కాదు. కుటుంబంలో ముందెవరికీ లేకుండా కొత్తగానూ రావొచ్చు. అత్తగారు ఇప్పటికీ ఆమెని మాటలంటుందట. ఇవాళ ఆమె అడిగింది, "మేడమ్, ఈ మాట మీరు మా ఆయనకి ఒకసారి చెప్తారా?" ఫోన్ నంబరు తీసుకున్నాను. సాయంత్రం మాట్లాడాను. ఆయన ఎదురు చెప్పలేదు, విన్నాడు.

1960ల వరకూ ఇలాంటి పిల్లలకు మామూలు ప్లాస్మా తప్ప పెద్దగా వేరే దారి లేదు. రక్తం ఆగేంత ఫ్యాక్టర్ అందాలంటే చిన్న ఒంట్లోకి లీటర్లు పోయాలి, గుండె తట్టుకోదు. స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్ అనే ఆవిడ, గడ్డకట్టిన ప్లాస్మాని చలిలోనే నెమ్మదిగా కరగనిస్తే అడుగున పేరుకునే కొద్దిపాటి పదార్థంలోనే ఫ్యాక్టర్ చాలావరకు ఉందని గమనించింది. అదే క్రయో. ఏ బ్లడ్ బ్యాంకు అయినా సొంతంగా చేసుకోగలిగినది. ఇప్పుడు శుద్ధి చేసిన ఫ్యాక్టర్ ఉంది, ల్యాబులో చేసేవీ వచ్చాయి, ఇంకా కొత్త ఇంజెక్షన్లూ వచ్చాయి. అన్నీ అందరికీ అందట్లేదు. ప్లాస్మా నుంచే తీసే మందుతో ఒక్క హీమోఫీలియా రోగికి ఏడాది గడవాలంటే సుమారు 1200 సార్లు దానం చేసిన ప్లాస్మా కావాలని ఆ పరిశ్రమ లెక్కలు చెప్తున్నాయి. రక్షణ శక్తి పుట్టుకతోనే లేని బిడ్డకైతే 130. అలాంటి బిడ్డను మొదటిసారి గుర్తించి, గామా గ్లోబులిన్ ఇంజెక్షన్లతో నిలబెట్టింది 1952లో, ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు. ఎనిమిదేళ్ల పిల్లాడు. అప్పటిదాకా ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్.

ఏప్రిల్ 20, ఆదివారం

ఆ తల్లి వెళ్తూ అడిగిన ఇంకో మాటకి నేను సగమే జవాబిచ్చాను. "దీంట్లో జబ్బులేం రావుగదా మేడమ్?"

వచ్చాయి, ఒకప్పుడు. 1970ల చివర, 80ల్లో వేలమంది ప్లాస్మా కలిపి చేసిన ఫ్యాక్టర్ సీసాల వల్ల ఎన్నో దేశాల్లో హీమోఫీలియా పిల్లలకు హెచ్ఐవీ, హెపటైటిస్ సి సోకాయి. బ్రిటన్‌లో దాని మీద విచారణ జరిగి, పోయినేడు మే 20న నివేదిక వచ్చింది. రక్తం, రక్త ఉత్పత్తుల వల్ల అక్కడ 30 వేలమందికి పైగా సోకిందని, చాలావరకు తప్పించగలిగినదేనని తేల్చారు. వేడి చేయడం, వైరస్ పైపొరను కరిగించే ద్రావకాలు వాడటం 80ల మధ్య నుంచి వచ్చాయి. అందుకే ఇప్పుడు ధైర్యంగా చెప్పగలం. ఫ్రీజర్‌లోని మామూలు బ్యాగుకి అంత శుద్ధి ఉండదు, దానికి కాపలా పరీక్షలూ, దాత నిజం చెప్పడమూ. ఫారం మీద టిక్కులు పెట్టేటప్పుడు కుర్రాళ్లు పకపకా నవ్వుకుంటుంటే అందుకే నాకు కోపమొస్తుంది.

మే 17, శనివారం

నాలుగేళ్ల కిందట సరిగ్గా ఈ రోజే కోవిడ్ చికిత్సలోంచి, కోలుకున్నవాళ్ల ప్లాస్మాని తీసేశారు. ఆ నెలంతా ఫోను కింద పెట్టలేదు. "ఎంతైనా ఇస్తాం, ఒక్క యూనిట్" అని ఏడ్చినవాళ్ల గొంతులు ఇంకా వినపడుతుంటాయి. నిజానికి అంతకు ముందే, 2020లోనే, ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్షించి చూసింది. చావులు తగ్గలేదు, జబ్బు ముదరడమూ ఆగలేదు. అయినా మరో ఆర్నెల్లకు పైగా జనం పరుగులు పెట్టారు. పరుగులు పెట్టించారు.

ఇచ్చినవాళ్లది తప్పు కాదు. జ్వరం నుంచి లేచి నీరసంగా ఉన్నా వచ్చి గంటసేపు మిషను పక్కన పడుకున్నారు. పెదవులు తిమ్మిరెక్కుతున్నాయంటే కాల్షియం మాత్ర చేతిలో పెట్టేవాళ్లం. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు కాల్షియంని పట్టేస్తుంది, అందుకని. వాళ్ల నంబర్లన్నీ ఆ రిజిస్టర్లో ఉన్నాయి. ఆ ఉత్సాహాన్ని, నిజంగా పనిచేసే చోటికి మళ్లించకుండా వదిలేశాం. ఇవాళ కొందరికి ఫోన్ చేశాను. ఒకాయన "ఇప్పుడెవరికి బాలేదండీ?" అని అడిగాడు. పేరు చెప్పడానికి ఎవరూ లేరు. అందరికీ అన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు.

జూన్ 6, శుక్రవారం

డల్లాస్ నుంచి మేనల్లుడి ఫోన్. "అత్తా, ఇక్కడ ప్లాస్మా ఇస్తే డబ్బులిస్తారు తెలుసా? మా ఆఫీసు పక్కనే సెంటరు. పొద్దున్నే లైను." తెలుసు. అక్కడి నియమం ప్రకారం ఏడు రోజుల్లో రెండుసార్లు ఇవ్వొచ్చు, మధ్యలో కనీసం రెండు రోజుల తేడా ఉంటే చాలు. ప్రపంచంలో మందుల తయారీకి వెళ్లే ప్లాస్మాలో సుమారు మూడింట రెండు వంతులు ఆ దేశానిదే. ఆ లైనులో ఎక్కువగా ఉండేది అద్దె కట్టుకోవాల్సినవాళ్లు. వాళ్ల చేతుల మీద ఎన్ని దేశాల రోగులు బతుకుతున్నారో! నేను వాళ్లని ఒక్క మాట అనను. కానీ ఒక పేద చేయి మీద ప్రపంచం ఇంతగా ఆనుకోవడం నాకు నచ్చదు.

మన దగ్గర డబ్బుకి రక్తం ఇవ్వడం సుప్రీంకోర్టు 1996 తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి ఆగిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గర పాలిపోయిన మొహాలతో కూర్చునేవాళ్లని మా సీనియర్లు చూశారు. అది పోవాల్సిందే.

జూన్ 14, శనివారం

రక్తదాతల దినం. షీల్డులు, ఫొటోలు. బాగానే జరిగింది.

జూన్ 25, బుధవారం

కంపెనీ వ్యాను వచ్చింది, మిగులు ప్లాస్మా తీసుకెళ్లడానికి. థర్మకోల్ పెట్టెల్లో సర్దుతుంటే రక్తమివ్వడానికొచ్చిన ఒకాయన చూసి నిలదీశాడు. "ఊరికే ఇచ్చిందాన్ని అమ్ముకుంటున్నారా?"

అడగడం న్యాయమే. ఎర్రకణాలకు ఉన్నంత గిరాకీ ప్లాస్మాకి ఆసుపత్రుల్లో ఉండదు. ఏడాది దాటితే పారబోయాలి. ఒకప్పుడు దేశమంతటా అలా పారబోసేవాళ్లం, ఇంకోపక్క అదే ప్లాస్మాతో చేసే మందుల్ని బయటి దేశాల నుంచి కొనేవాళ్లం. 2014లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. మిగులుని మందులు చేసే కంపెనీలకి ఇవ్వొచ్చు. తర్వాత లీటరుకు 1600 రూపాయల మారకం విలువ పెట్టారు, దానికి బదులుగా మందులో, బ్యాగులో, పరికరాలో తీసుకోవచ్చు. ఇదంతా ఆయనకి చెప్పాను. విని, "మరి ఆ మందు మావాడికి చవగ్గా దొరుకుద్దా?" అన్నాడు.

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఉండాలి. ఇచ్చిన ఊరికి ఆ సీసా చవగ్గా తిరిగి రావాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో, మిగులు ఎంత, ఎటు పోయింది, బదులు ఏం వచ్చింది అని ప్రతి నెలా రాయాలని డాక్టరు గారిని మళ్లీ అడిగాను. రాయిద్దామన్నారు.

జులై 24, గురువారం

నాట్లు మొదలయ్యాయి, పాముకాట్లూ. దివిసీమ నుంచి వచ్చిన ఒక కూలీ, రక్తపింజరి. గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచితే గడ్డ లేదు, నీళ్లలా జారింది. విషం గడ్డకట్టే సరుకంతా ఖర్చు చేసేసింది. ముందు విరుగుడు పడాలి, ప్లాస్మా తర్వాతి మాట. విరుగుడు పడకుండా ప్లాస్మా ఎంత పోసినా విషం దాన్నీ తినేస్తుంది.

ఆ విరుగుడు కూడా ప్లాస్మానే, గుర్రాలది. చెన్నై దగ్గర ఇరుళ తెగవారి సహకార సంఘం 1978 నుంచి పాముల విషం తీసి సరఫరా చేస్తోంది. దాన్ని గుర్రాలకి కొద్దికొద్దిగా, పెంచుకుంటూ ఎక్కించి, వాటి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను ప్లాస్మాలోంచి తీస్తారు. హైదరాబాద్‌లోనూ ఆ మందు చేసే కంపెనీ ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకే సీసా. 1890లో బెరింగ్ అనే శాస్త్రవేత్త కంఠసర్పి (డిఫ్తీరియా) మీద కనిపెట్టిన దారే ఇది. మొట్టమొదటి వైద్య నోబెల్ దానికే, 1901లో.

కూలీ సాయంత్రానికి నిలదొక్కుకున్నాడు. వాళ్లావిడ గేటు దగ్గర కూర్చుని, పొద్దున తెచ్చుకున్న సద్ది అప్పుడు విప్పింది.

ఆగస్టు 8, శుక్రవారం, తెల్లవారుజాము

రెండు గంటలప్పుడు ఫోన్. కాన్పయిన తల్లి, రక్తం ఆగట్లేదు. నాలుగు ప్లాస్మా, క్రయో. 37 డిగ్రీల నీళ్లలో బ్యాగులు వేసి నిలబడ్డాను. తొందరపడి వేడి పెంచకూడదు, ప్రోటీన్లు పాడైపోతాయి. గడ్డ కరిగి అంచుల్లో పసుపు కదలడం మొదలయ్యేదాకా నిమిషాలు సాగవు. ఆమె భర్త తలుపు దగ్గరే, చెప్పులు లేకుండా. "ఎంతసేపక్కా?" అంటే "ఐపోయింది తమ్ముడూ" అంటూనే ఉన్నాను.

పొద్దున ఆరింటికి కబురు చేశారు, ఆగిందని.

ఆగస్టు 11, సోమవారం

ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపు. ఒకమ్మాయి ఫారం నింపి, మళ్లీ వెనక్కి తీసుకోబోయింది. "ఏబీ పాజిటివ్ మేడమ్. మా గ్రూపు ఎవరికీ పనికిరాదంటగా. మా ఫ్రెండ్స్ అంటున్నారు."

ఎర్రకణాల సంగతిలో వాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. ఏబీ వాళ్ల కణాలు ఏబీ వాళ్లకే. ప్లాస్మా దగ్గర లెక్క తలకిందులు. ఏబీ ప్లాస్మాలో ఏ కణాన్నీ, బీ కణాన్నీ పట్టే యాంటీబాడీలు ఉండవు, అందుకే ఏ గ్రూపువాళ్లకైనా ఎక్కించొచ్చు. అర్ధరాత్రి గ్రూపు తెలియని మనిషిని తెచ్చి పడేస్తే ముందు వెతికేది ఏబీ బ్యాగునే. అది వందలో కొద్దిమంది దగ్గరే ఉంటుంది. ఈ మాట ఏ కాలేజీలోనూ ఎందుకు చెప్పరో!

ఆ అమ్మాయి బరువు 47 కిలోలు. మిషను మీద విడిగా ప్లాస్మా ఇవ్వడానికి 50 ఉండాలి, మామూలుగా రక్తమివ్వడానికి 45 చాలు. హిమోగ్లోబిన్ 12.8, పన్నెండున్నర దాటితే సరే. 350 మిల్లీలీటర్ల బ్యాగు. సూది పెట్టేటప్పుడు పక్కన ఫ్రెండు చేయి గట్టిగా పట్టుకుంది. బ్యాగు నిండాక లేచి కూర్చుని, "మేడమ్, మళ్లీ ఎప్పుడు రావొచ్చు?" అంది. ఆడపిల్లలకి నాలుగు నెలలు. డిసెంబరు రెండో వారమని రిజిస్టర్లో రాసుకుని, ఆ అమ్మాయి ఫోన్లోనూ పెట్టించాను.